ముగిసిన అకామా, ముగియని అప్పు

సౌదీ అరేబియా ప్రభుత్వం 2013 ఏప్రిల్‌లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. కాగితాలు సరిగా లేని విదేశీ కార్మికులు మూడు నెలల్లో వాటిని సరిచేసుకోవాలి, లేదంటే దేశం విడిచి పోవాలి. జూలై 3న ముగియాల్సిన గడువును తర్వాత నవంబర్ 3 దాకా పొడిగించారు. ఆ ఏడు నెలల్లో దాదాపు 1.4 లక్షల మంది భారతీయులు సౌదీ వదిలి వచ్చేశారు. అందులో నిజామాబాద్ జిల్లా వాళ్లు ఎందరో ఏ ప్రభుత్వమూ లెక్క కట్టలేదు. ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్, వేల్పూర్, మోర్తాడ్ మండలాల ఊళ్లలో మాత్రం ‘నితాఖత్’ అనే అరబ్బీ మాట ఆ ఏడాదే చదువు రాని ముసలివాళ్ల నోళ్లలో కూడా నానింది.

నితాఖత్ పథకం అంతకు రెండేళ్ల ముందే, 2011 జూన్‌లో మొదలైంది. ప్రైవేటు కంపెనీలు తమ ఉద్యోగాల్లో నిర్ణీత వాటా సౌదీ పౌరులకు ఇవ్వాలన్నది దాని సారం. వాటా పాటించిన తీరును బట్టి కంపెనీలను రంగులవారీగా విడగొట్టారు. ఎరుపు రంగులో పడ్డ కంపెనీ తన విదేశీ కార్మికుల నివాస అనుమతి కార్డులను, అంటే అకామాలను, రెన్యువల్ చేయించడానికి వీల్లేదు. ఇందులో కార్మికుడి తప్పు ఏముంది? వాటా పాటించనిది యజమాని. అక్రమంగా ఉన్నవాడని ముద్ర పడింది మాత్రం కార్మికుడి మీద.

వలస చట్టాల గురించి చర్చ జరిగినప్పుడల్లా తలుపులు మూశారా, తెరిచారా అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. ఆర్మూర్ ప్రాంతం నుంచి చూస్తే అసలు సంగతి వేరు. ఇక్కడి మనిషి గల్ఫ్‌కు పోయేది అప్పు మీద. ఆ అప్పు తీరడానికి రెండేళ్లు పడుతుంది. చట్టం మారడానికి మూడు నెలలు చాలు, ఒక్కోసారి ఒక్క రాత్రి చాలు. ఈ రెండు గడువుల మధ్య తేడా ఎంత ఉందో కుటుంబం నష్టపోయేది అంత. ఇది లెక్కలోకి తీసుకోకుండా చేసే ఏ సంస్కరణా ఈ ఊళ్ల దాకా పూర్తిగా రాదు.

ఇంత సాగు ఉన్న ప్రాంతం నుంచి వలస ఎందుకన్న ప్రశ్న సహజం. హైదరాబాద్ – నాగపూర్ జాతీయ రహదారి, నిజామాబాద్ నుంచి జగ్దల్‌పూర్ వైపు పోయే రహదారి కలిసే చోట ఉంది ఆర్మూర్. పసుపు, ఎర్రజొన్న, మక్క, సోయా పండే నేల. పక్కనే విత్తనోత్పత్తికి పేరుబడ్డ అంకాపూర్. శ్రీరాంసాగర్ కూడా దూరం కాదు. పైకి చూస్తే కలిగిన ప్రాంతమే. కానీ పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండే పంట. విత్తనం, ఎరువు, తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్, అన్నీ అయ్యాకే కాడి, గోళ (పసుపు కొమ్ములు, దుంపలు) నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరుతాయి. అప్పటి ధర రైతు చేతిలో ఉండదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి నిలబడ్డారంటే ధర ఎంత దెబ్బ తీసిందో తెలుస్తుంది. మొత్తం 185 మంది పోటీలో ఉండడంతో ఎన్నికల సంఘం నిజామాబాద్ కోసం ప్రత్యేకంగా ఓటింగ్ యంత్రాలు తెప్పించాల్సి వచ్చింది. పసుపు క్వింటాలుకు 15,000 రూపాయల మద్దతు ధర, పసుపు బోర్డు వాళ్ల డిమాండ్లు. బోర్డు 2025 జనవరిలో వచ్చింది. ఎకరం, రెండెకరాలున్న రైతు కొడుకు పాస్‌పోర్టు తీసుకునే నాటికి అదేమీ లేదు.

అంతకు ముందు తరాలు బొంబాయి, భివండీ పోయాయి. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు మొదలయ్యాక ఆ బొంబాయి దారే దుబాయ్ దాకా సాగింది. పోయినవాడు తమ్ముణ్ని పిలుచుకున్నాడు, తమ్ముడు బామ్మర్దిని. అట్లా ఊరికి ఊరు కదిలింది.

ఇప్పుడు అప్పు లెక్క చూద్దాం. వీసాకు, టికెట్‌కు, ఏజెంటుకు, మెడికల్‌కు కలిపి లక్షన్నర ఖర్చయిందనుకుంటే, నూటికి రెండు రూపాయల మిత్తి చొప్పున నెలకు 3,000 మిత్తికే పోతుంది. దుబాయ్‌లో వెయ్యి దిర్హమ్‌ల జీతం ఉన్న హెల్పర్ తిండికి, ఫోనుకు 300 ఉంచుకుని 700 పంపితే ఇక్కడ చేతికి వచ్చేది దాదాపు 16,000. ఇంటి ఖర్చుకు ఏడు వేలు పోతే తొమ్మిది వేలు అప్పుకు కట్టొచ్చు. ఒక్క నెల కూడా జీతం ఆగకుండా, ఒక్క జ్వరం రాకుండా కట్టినా ఆ అప్పు తీరడానికి ఇరవై నెలలు దాటుతుంది. రెండేళ్ల కాంట్రాక్టులో సొంతంగా మిగిలేది చివరి మూడు నెలల సంపాదన. పదో నెలలోనో పన్నెండో నెలలోనో కొత్త నిబంధన వచ్చి పంపించేస్తే, ఆ మనిషి వెంట తెచ్చేది పోయినప్పటి అప్పులో దాదాపు సగం. మళ్లీ పోవాలంటే దాని మీద ఇంకో అప్పు.

ఈ లెక్క తెలియకపోతే ‘కల్లివెల్లి’గా మారిన మనిషి అర్థం కాడు. కంపెనీ విడిచి బయట పని చూసుకుంటూ కాగితాలు లేకుండా బతికేవాణ్ని గల్ఫ్ తెలంగాణ వాళ్లు అట్లా పిలుస్తారు. చట్టం దృష్టిలో అతను పారిపోయినవాడు. జీతం ఇవ్వని కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఉంటే అప్పు పెరుగుతుంది, ఇంటికి వస్తే అప్పులవాళ్లు గుమ్మం ముందు ఉంటారు, బయట పని చేస్తే నేరం. ఈ మూడింటిలో డబ్బు చేతికి వచ్చే దారి ఒక్కటే కాబట్టి మనిషి అదే పడతాడు. సౌదీలో కఫీల్ ‘హురూబ్’ (పారిపోయాడు) అని రిపోర్టు చేస్తే చాలు, కార్మికుడు ఒక్కసారిగా అక్రమ నివాసి అయ్యేవాడు. ఎదురు చెప్పుకునే అవకాశం దాదాపు ఉండేది కాదు. 2022 చివర్లో ఆ పద్ధతిని కొంత మార్చి, రిపోర్టు అయిన కార్మికుడికి వేరే యజమాని దగ్గరికి మారడానికో, దేశం విడవడానికో 60 రోజుల వ్యవధి ఇచ్చారు. మేలే. కానీ ఆ 60 రోజుల సంగతి ఎడారిలో గొర్ల వెంట తిరిగే మనిషికి ఎవరు చెబుతారు?

కఫాలా పద్ధతి అంటే విదేశీ కార్మికుడి ఉనికి మొత్తం ఒక యజమానికి ముడిపడి ఉండడం. వీసా అతని పేరు మీద, ఉద్యోగం మారడం అతని అనుమతి మీద, కొన్ని దేశాల్లో ఇంటికి రావడం కూడా అతని సంతకం మీద. ‘ఆజాద్ వీసా’ అనేది ఈ పద్ధతిలోంచి పుట్టిన వ్యాపారమే. కాగితం మీద కఫీల్ ఉంటాడు, వీసా అమ్ముకుంటాడు, పని మాత్రం ఎక్కడైనా చేసుకొమ్మంటాడు. ఏళ్ల తరబడి అందరి కళ్ల ముందు నడిచిన ఈ ఏర్పాటును సౌదీ 2013లో నేరంగా పరిగణించి గట్టిగా అణచడం మొదలుపెట్టింది. ఆ నవంబర్ 4 నుంచి దాడులు మొదలయ్యాయి. వీసా అమ్మినవాళ్ల కన్నా కొన్నవాళ్లే ఎక్కువగా పట్టుబడ్డారు.

నితాఖత్‌తో సంగతి అయిపోలేదు. 2016లో చమురు ధరలు పడిపోయి సౌదీలో పెద్ద నిర్మాణ కంపెనీలు జీతాలు ఆపేశాయి. వేల మంది భారతీయ కార్మికులు క్యాంపుల్లో తిండికి కూడా ఇబ్బంది పడ్డారు. విదేశాంగ శాఖ సహాయ మంత్రి వి.కె. సింగ్ జెడ్డా వెళ్లాల్సి వచ్చింది. 2017 జూలై నుంచి సౌదీ ప్రతి విదేశీయుడి కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్ల ఫీజు పెట్టింది, 2020 నాటికి అది 400 అయింది. దాంతో హైదరాబాద్ పాతబస్తీ నుంచి వెళ్లి రియాద్, జెడ్డాలో కాపురాలున్న ఎన్నో కుటుంబాలు భార్యాబిడ్డలను వెనక్కి పంపేశాయి. ఆర్మూర్ కూలీలను ఆ ఫీజు నేరుగా తాకలేదు. వాళ్ల కుటుంబాలు అక్కడికి పోయిందే లేదు మరి. యూఏఈలో భార్యాబిడ్డలను తెచ్చుకోవాలంటే నెల జీతం 4,000 దిర్హమ్‌లు ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉండాలి. వెయ్యి దిర్హమ్‌ల మనిషికి అది అందే మాట కాదు. ఇరవై ఏళ్లు అక్కడ పనిచేసినా పౌరసత్వం రాదు, కుటుంబం రాదు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు, అంతే కాపురం.

యూఏఈ 2007లో, 2018లో, 2024లో క్షమాభిక్షలు ప్రకటించింది. కువైట్ 2018లో, 2020లో, 2024లో ప్రకటించింది. జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చన్న వార్త వస్తే ఇక్కడి ఇండ్లలో సంతోషం, భయం రెండూ కలుగుతాయి. పన్నెండేళ్లుగా చూడని కొడుకు వస్తాడు. ఖాళీ చేతులతో వస్తాడు. వీటిలో 2018 నాటి యూఏఈ క్షమాభిక్ష కొంత మెరుగు. పోదలచిన వాళ్లకు నిషేధం లేకుండా దారి ఇస్తూనే, ఉండదలచిన వాళ్లకు ఉద్యోగం వెతుక్కోవడానికి ఆరు నెలల తాత్కాలిక వీసా ఇచ్చింది. కార్మికుడి అప్పుకు కూడా కొంత గడువు దొరికిన అరుదైన సందర్భం అది.

అన్నిటికన్నా కష్టమైనది 2020 ఏప్రిల్‌లో కువైట్ ఇచ్చిన క్షమాభిక్ష. భారతీయుల నమోదుకు ఏప్రిల్ 16 నుంచి 20 దాకా ఐదు రోజులు కేటాయించారు. టికెట్ ఖర్చు తామే భరిస్తామని కూడా కువైట్ చెప్పింది. అప్పటికి భారత్ కరోనా వల్ల అంతర్జాతీయ విమానాలను పూర్తిగా ఆపేసి ఉంది. నమోదు చేసుకున్నవాళ్లు గదులు ఖాళీ చేసి, పనులు వదిలి, క్యాంపుల్లోకి పోయారు. ఒక దేశం పొమ్మంటుంటే సొంత దేశం రావద్దంటున్న ఆ స్థితిలో వాళ్లు ఎండల్లో వారాల తరబడి ఎదురుచూశారు. వందే భారత్ విమానాలు మే 7న మొదలయ్యాయి. ఇక్కడికి చేరాక మొదట్లో క్వారంటైన్ ఖర్చు కూడా ప్రయాణికుడే భరించాలన్నారు. రెండు ప్రభుత్వాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా నిర్ణయాలు తీసుకుంటే మధ్యలో మనిషి ఏమవుతాడో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. ఆ ఏడాది గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లలో అనేకులకు రావలసిన జీతం, సర్వీసు డబ్బులు అక్కడే ఉండిపోయాయి.

మంచి మార్పులు రాలేదని కాదు. ప్రపంచ కప్ ఫుట్‌బాల్ కోసం లోకమంతా తన వైపు చూస్తుండగా ఖతార్ 2018లో చాలామంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ తీసేసింది. 2020లో ఉద్యోగం మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేదని చట్టం చేసింది. 2021 మార్చి నుంచి 1,000 రియాళ్ల కనీస వేతనం, దానికి తోడు వసతికి 500, తిండికి 300 అమల్లోకి తెచ్చింది. జాతి భేదం లేకుండా అంత స్పష్టంగా కనీస వేతనం ప్రకటించడం గల్ఫ్‌లో అరుదు. యూఏఈ 2023 నుంచి ఉద్యోగం పోతే కొంతకాలం భృతి వచ్చే బీమా పెట్టింది, తక్కువ జీతగాళ్లకు నెలకు 5 దిర్హమ్‌ల ప్రీమియంతో. గల్ఫ్ మార్పుల్లో నేరుగా అప్పు మీద పనిచేసేవి ఇలాంటివే.

సౌదీ 2021 మార్చి 14న తెచ్చిన సంస్కరణలు కూడా ముఖ్యమైనవే. ఏడాది పనిచేశాక ఉద్యోగం మారొచ్చు, సెలవు మీద ఇంటికి రావడానికి యజమాని సంతకం అక్కర్లేదు. అయితే వీటి నుంచి ఇంటి డ్రైవర్లు, ఇంటి కాపలాదార్లు, ఇంటి పనివాళ్లు, గొర్ల కాపరులు, తోటమాలీలను మినహాయించారు. ఉత్తర తెలంగాణ నుంచి పోయేవాళ్లలో గొర్లు, ఒంటెలు కాసేవాళ్లు, తోట పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు ఎంతోమంది. అన్నిటికన్నా ఒంటరిగా, ఫోను సిగ్నల్ కూడా లేని చోట ఉండేది వాళ్లే. రక్షణ ఎక్కువ అవసరమైన వాళ్లనే చట్టం బయట పెట్టింది. ఇది చిన్న లోపం కాదు.

అవతలి దేశాలను మాత్రమే నిలదీస్తే సగం మాటే అవుతుంది. మన ఎమిగ్రేషన్ చట్టం 1983 నాటిది. పదో తరగతి పాస్ కాని వాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్స్ తీసుకోవాలి. లైసెన్సు ఉన్న ఏజెన్సీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. నిబంధన బాగుంది. కానీ ఊళ్లో పాస్‌పోర్టు పట్టుకునేది లైసెన్సు ఏజెన్సీ కాదు, సబ్ ఏజెంటు. చట్టంలో అతను లేడు. అతను తీసుకున్న లక్షకు రసీదు ఉండదు. అతను పక్కింటివాడో, మేనమామ కొడుకో అయి ఉంటాడు కాబట్టి కేసు పెట్టడానికి కుటుంబం వెనకాడుతుంది. క్లియరెన్స్ తంటా లేకుండా విజిట్ వీసా మీద తీసుకుపోయేదీ అతనే. విజిట్ వీసా మీద పోయినవాడికి కాంట్రాక్టు ఉండదు, ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. దేశం లెక్కలో అతను విహారయాత్రకు పోయిన మనిషి.

2020 సెప్టెంబర్‌లో కేంద్రం చేసిన పని ఇంకా బాధాకరం. గల్ఫ్ కంపెనీలు మన కార్మికుడికి కనీసం ఇంత ఇవ్వాలని మన ప్రభుత్వమే నిర్ణయించే ‘మినిమమ్ రిఫరల్ వేజ్’ను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. యూఏఈ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లకు 200 డాలర్లకు దించింది. కరోనా కాలంలో ఉద్యోగాలు పోకుండా కాపాడటానికే అని వాదన. అప్పు తగ్గలేదు, మిత్తి తగ్గలేదు, జీతం అడుగు మాత్రం తగ్గింది. అక్కడే ఉన్నవాళ్లకు కూడా ‘మీ ప్రభుత్వమే తక్కువ చాలంటోంది’ అని చెప్పే వీలు యజమానికి దొరికింది. ఎమిగ్రెంట్స్ వెల్ఫేర్ ఫోరం అధ్యక్షుడు మంద భీంరెడ్డి తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. కార్మిక సంఘాలు, ఎంపీలు నిలదీశారు. చివరకు 2021 జూలైలో కేంద్రం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుంది. పది నెలల పాటు తక్కువ జీతానికి సంతకం పెట్టి పోయినవాళ్ల కాంట్రాక్టులు మాత్రం వెనక్కి పోలేదు.

కార్మికులను పంపే దేశానికి బేరమాడే బలం లేదన్న మాట తరచూ వినిపిస్తుంది. అది నిజం కాదు. 2018 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్ తమ మహిళ ఒకరు కువైట్‌లో దారుణంగా హత్యకు గురయ్యాక అక్కడికి కార్మికులను పంపడం ఆపేసింది. మే నెలకల్లా కువైట్ ఒప్పందం మీద సంతకం చేసింది. పాస్‌పోర్టు కార్మికురాలి దగ్గరే ఉండాలన్న హామీ అందులో ఉంది. భారత్ కూడా 2014లో కువైట్‌లో ఇంటి పనికి మహిళలను పెట్టుకునే యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలని షరతు పెట్టింది. కువైట్ ఒప్పుకోలేదు. 2017లో మనమే ఆ షరతు తీసేశాం.

ఇంటి దగ్గర ఏం జరుగుతుందో చూడకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. మగవాడు గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో సాగు, పిల్లల చదువు, అత్తమామల మందులు, అప్పుల వాయిదాలు అన్నీ ఆడమనిషి మీదే. ఈ ప్రాంతంలో ఆమెకు దొరికే కూలి బీడీలు చుట్టడం. ఆర్మూర్, కమ్మర్‌పల్లి, మెట్‌పల్లి వైపు గల్ఫ్ ఇల్లు, బీడీల ఇల్లు అన్నవి వేర్వేరు కావు, తరచూ ఒక్కటే. జీతం ఆగిన నెల ఆ ఇల్లు గడిచేది బీడీ ఆకు మీదే. కఫాలా చట్టంలోని లోపాన్ని తన వేళ్లతో పూడుస్తున్నది ఆమె. ఏ విధాన పత్రంలోనూ ఆమె కనిపించదు.

మన రాష్ట్ర నిబంధనలు కూడా ఊళ్లో ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు పేరు పోతుందన్న భయంతో ముంబై, భివండీ, సూరత్ నుంచి జనం కిక్కిరిసిన బస్సుల్లో వచ్చారు. గల్ఫ్ నుంచి ఒక్క రోజు కోసం ఎవరు రాగలరు? రేషన్ కార్డుకు ప్రతి సభ్యుడూ వేలిముద్ర వేయాలన్న ఈ-కేవైసీ వచ్చినప్పుడు మళ్లీ అదే ఆందోళన. పది మందికి తిండి పెట్టేందుకు పోయినవాడి పేరు తిండి కార్డులోంచి పోతుందేమోనని ఇంట్లోవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు.

ఇక మరణాలు. సమాచార హక్కు కింద వచ్చిన జవాబుల ఆధారంగా కామన్వెల్త్ హ్యూమన్ రైట్స్ ఇనీషియేటివ్ సంస్థ 2018లో బయటపెట్టిన లెక్క ప్రకారం 2012 నుంచి 2018 మధ్య దాకా ఆరు గల్ఫ్ దేశాల్లో 24,570 మంది భారతీయ కార్మికులు చనిపోయారు. సగటున రోజుకు పది మందికి పైగా. శవపేటిక ఇంటికి చేరడానికి మరణ ధ్రువీకరణ, పోలీసు నివేదిక, ఎంబసీ ఎన్‌ఓసీ, ఎంబామింగ్, ఇట్లా ఎన్నో కాగితాలు కావాలి. అకామా గడువు తీరిపోయినవాడైతే మరింత ఆలస్యం. ప్రవాసీ భారతీయ బీమా యోజన 275 రూపాయల ప్రీమియంతో రెండేళ్లకు పది లక్షల రక్షణ ఇస్తుంది, కానీ ప్రమాదంలో పోతేనే. ఎండ దెబ్బకో, దిగులుకో రాత్రి నిద్రలో గుండె ఆగిపోయిన ముప్పై ఐదేళ్ల మనిషిది ‘సహజ మరణం’. ఆ ఇంటికి బీమా రాదు, అప్పు మాత్రం అట్లాగే ఉంటుంది.

ఈ ఖాళీని పూడ్చే దిశగా తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన రాష్ట్ర కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా. అదే నెలలో హైదరాబాద్ ప్రజాభవన్‌లో ‘ప్రవాసీ ప్రజావాణి’ మొదలైంది. 2025లో ఎన్నారై సలహా సంఘాన్ని కూడా వేశారు. శవపేటికకు శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఊరి దాకా ఉచిత అంబులెన్స్ అంతకు ముందు నుంచే ఉంది. వీటిని తక్కువ చేయనక్కర్లేదు. ఐదు లక్షలు చాలా ఇండ్లలో వీసా అప్పును తీర్చగలవు. కానీ ఈ సాయం మనిషి పోయాక వచ్చేది. బతికి ఉండగా, ఉద్యోగం పోయి వచ్చినవాడికి ఏముంది? కేంద్రం 2012లో తెచ్చిన మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన చేరేవాళ్లు లేరని 2017లో మూతపడింది. 2004లో పెట్టిన ప్రవాస భారతీయ వ్యవహారాల శాఖను 2016లో విదేశాంగ శాఖలో కలిపేశారు. గల్ఫ్ కార్మికుడి మాట వినడానికి ఢిల్లీలో ఉన్న ప్రత్యేక గది కూడా అట్లా పోయింది.

గల్ఫ్ ఇరుకైనప్పుడల్లా కొత్త దారులు పుడుతున్నాయి. 2023 అక్టోబర్ తర్వాత ఇజ్రాయెల్ పాలస్తీనా కార్మికులకు పని అనుమతులు ఆపేసి, ఆ ఖాళీల్లోకి భారతీయులను తీసుకుంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా 2024లో హైదరాబాద్‌లో ఎంపికలు జరిగాయి. జీతం గల్ఫ్ కన్నా ఎన్నో రెట్లు, ఏజెంటు దోపిడీ లేదు. కానీ అక్కడ యుద్ధం ఉంది, ఆ ఉద్యోగం పోగొట్టుకున్న ఇంకో కుటుంబం ఉంది. థాయ్‌లాండ్ 2023 నవంబర్‌లో భారతీయులకు వీసా మినహాయించింది. ముఠాలు దాన్నే వాడుకుని డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి యువకులను మయన్మార్ సరిహద్దులోని సైబర్ మోసాల శిబిరాలకు తరలించాయి. 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో తెచ్చిన 500 మందికి పైగా బాధితుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు.

2025 సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు తెలుగు పత్రికలు, చానళ్లు రోజుల తరబడి దాని గురించే చెప్పాయి. చెప్పవలసిందే, అక్కడా కుటుంబాలు ఉన్నాయి. అదే శ్రద్ధ కువైట్ గడువుకో సౌదీ మినహాయింపుకో దక్కదు. ఆర్మూర్ పక్క ఊరి మనిషికి ఆ వార్త వాట్సాప్‌లో ఎవరో పంపిన ఆడియోగా, సగం నిజం సగం పుకారుగా చేరుతుంది.

లెక్క లేకపోవడమే అన్నిటికీ మూలం. కేరళ 1996లోనే తన ప్రవాసుల కోసం నోర్కా శాఖ పెట్టుకుంది. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1998లో వలసల సర్వే మొదలుపెట్టింది. ఎవరు ఏ దేశంలో ఉన్నారో, ఎంత పంపుతున్నారో, ఎందరు తిరిగొచ్చారో వాళ్లకు తెలుసు కాబట్టి ప్రవాసుల పెన్షన్ లాంటివి అక్కడ సాధ్యమయ్యాయి. ‘కేరళ తరహా విధానం’ అన్న మాట తెలంగాణలో రాష్ట్రం వచ్చినప్పటి నుంచీ వింటున్నదే. ఇంటింటి వలస సర్వే మాత్రం ఒక్కటీ జరగలేదు. 1983 చట్టం స్థానంలో కేంద్రం 2021లో ఒక ముసాయిదా, 2025లో ‘ఓవర్సీస్ మొబిలిటీ’ బిల్లు పేరుతో మరో ముసాయిదా తెచ్చింది. ఆ బిల్లు చట్టమయ్యే ముందు అందులో మూడు సంగతులు చేరాలి. సబ్ ఏజెంటు తీసుకున్న ప్రతి రూపాయికీ అతని పై ఏజెన్సీ బాధ్యత వహించాలి. అవతలి దేశం నిబంధన మారి కాంట్రాక్టు మధ్యలో వెనక్కి వచ్చిన కార్మికుడికి వీసా అప్పును కప్పే బీమా ఉండాలి. సహజ మరణాన్ని కూడా బీమాలో చేర్చాలి. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల జిల్లాల ప్రజాప్రతినిధులు ఏ పార్టీ వాళ్లయినా దీని కోసం ఒక్క గొంతుతో అడగాలి.

అప్పటిదాకా పోయేవాళ్లు, పంపేవాళ్లు చేసుకోగలిగిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. డబ్బు కట్టే ముందు ఏజెన్సీ లైసెన్సు నంబరును ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. విజిట్ వీసా మీద ఉద్యోగం అన్నవాణ్ని నమ్మకండి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా కాగితాల నకళ్లు ఇంట్లో ఆడవాళ్ల దగ్గర ఉంచి, అందులో ఏముందో చదివి చెప్పండి. కష్టం వస్తే విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో, ప్రజాభవన్‌లోని ప్రవాసీ ప్రజావాణిలో కుటుంబ సభ్యులెవరైనా ఇక్కడి నుంచే ఫిర్యాదు చేయవచ్చు.